దిండిలో బోటు దిగి ఆదుర్రు దిబ్బ మీదికి

డిసెంబరు మొదటి వారంలో కోనసీమలో గోదావరి ఒడ్డునున్న దిండి వెళ్ళాం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా వాడు, మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ. హౌస్‌బోటులో రెండు రాత్రులు. మధ్యలో వచ్చే పగలంతా బోటు ఒడ్డున కట్టేసి ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఒక చుట్టు తిప్పుతారు. ఆ ఖాళీ పగలు ఏం చేశామన్నది ముఖ్యంగా చెప్పాలి. బోటు గురించి ఇప్పటికే చాలామంది చెప్పేశారు.

అయినా నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తాను. రెండు రాత్రులకు నలుగురికీ కలిపి 22 వేలయింది. గదులు శుభ్రంగానే ఉన్నాయి. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే, అది ముందు చెప్పలేదు. దోమల సంగతి మనమే చూసుకోవాలి. గోదావరి పాయ వసిష్ఠ మీద తెల్లవారుజామున పొగమంచులో వల వేసే పడవ కనపడుతుంటే మాత్రం ఆ డబ్బు గుర్తుకు రాదు. భోజనంలో చేపల పులుసు బాగుంది. కానీ మెనూలో 'పులస పులుసు' అని వేరే రేటుతో రాసి ఉంది. పులస వరద నీటితో పాటు ఎదురీదుకుంటూ వచ్చే చేప, శ్రావణ భాద్రపదాల్లో దొరుకుతుంది. డిసెంబరులో ఎక్కడి పులస? మా అమ్మ గోదావరి ఒడ్డున పుట్టింది, వంటబ్బాయిని ఒక్క మాటే అడిగింది: "ఏ నెలలో పట్టారు బాబూ దీన్ని?" ఆ అబ్బాయి నవ్వేసి మెనూ పట్టుకుపోయాడు.

ఖాళీ పగటికి బోటు వాళ్ళ దగ్గరే ఒక సైట్ సీయింగ్ ప్యాకేజీ ఉంది. తలకి 1,500, అంతర్వేది, అప్పనపల్లి, ఆదుర్రు, 'గైడుతో సహా'. మేం అది తీసుకోలేదు. మా ఆయన ఆఫీసులో అమలాపురం ఆయన ఒకరున్నారు. ఆయన తన చిన్నప్పటి సోషల్ మాస్టారి నంబరిచ్చారు. రిటైరయ్యాక సరదాకి పాత గుళ్ళూ దిబ్బలూ చూపిస్తారట. రోజుకు 2,500, మధ్యాహ్నం భోజనం మనదే. కారు విడిగా 4,500కి మాట్లాడుకున్నాం. నలుగురికీ లెక్క వేస్తే ప్యాకేజీ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ, అంతే.

మాస్టారు పొద్దున్నే బస్సులో వచ్చి తాటిపాక సెంటర్లో కారెక్కారు. తెల్ల చొక్కా, భుజానికి గుడ్డసంచి, చేతిలో పెద్ద టార్చిలైటు. పట్టపగలు టార్చి ఎందుకో మా వాడికి అర్థం కాలేదు. "పనుందిలే బాబూ" అన్నారు. దారిలో నగరం, పాశర్లపూడి పేర్లు రాగానే డ్రైవరు 1995లో గ్యాసు బావి మంటలు లేచిన బ్లో అవుట్ కథ మొదలుపెట్టాడు. అప్పుడు పసివాణ్ణని, రాత్రుళ్ళు కూడా వాళ్ళ ఊళ్ళో వెలుగేనని చెప్పాడు. మాస్టారు అడ్డుపడకుండా అంతా విని, "నేను చూపించబోయేది కూడా ఈ నేల కిందదే, కాకపోతే రెండు వేల ఏళ్ళ పాతది" అన్నారు.

ఆదుర్రు ఇంకో గోదావరి పాయ వైనతేయకు పడమటి ఒడ్డున ఉంది, సముద్రం అక్కడికి దగ్గరే. కొబ్బరితోటల మధ్య కంచె, పురావస్తు శాఖ వారి నీలం బోర్డు, లోపల ఒకప్పటి బౌద్ధ స్తూపం మిగిలిన ఇటుకల దిబ్బ. ఊళ్ళో వాళ్ళు దుబరాజు గుడి అంటారు. గైడు లేకుండా వస్తే పది నిమిషాల్లో ఫొటోలు తీసుకుని వెళ్ళిపోవచ్చు. నిజానికి మేం ఉండగానే బోటు ప్యాకేజీ కారు ఒకటి వచ్చింది, విజయవాడ నుంచి వచ్చిన దంపతులు దిగారు. వాళ్ళకు గైడు ఎవరంటే డ్రైవరే. "అశోకుడి కూతురు సంఘమిత్ర సిలోను వెళ్తూ ఇక్కడ పునాదేసిందండి" అన్నాడు, అయిపోయింది. మా వాడు మాస్టారి వైపు చూశాడు. ఆయన గొంతు తగ్గించి, "ఊళ్ళో అలాగే చెప్పుకుంటారు. కథ బాగుంది. ఆధారం మాత్రం నాకెక్కడా కనబడలేదు" అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

తర్వాత ఆయన కింద కూర్చుని పుల్లతో మట్టిలో బండిచక్రం గీశారు. మధ్యలో కుంభం, చుట్టూ ఆకులు (చువ్వలు), బయట పట్టా. స్తూపం పునాది ఇలాగే ఇటుకలతో కట్టి, ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారట. అంత పెద్ద గుమ్మటాన్నీ గట్టి ఇటుకతో నింపాలంటే ఇటుక చాలదు, బరువుకు మెత్తటి నేల దిగిపోతుంది. చక్రంలా కడితే ఇటుక ఆదా, బరువు నలువైపులా పంచుకుంటుంది. కోనసీమ ఒండ్రుమట్టిలో ఎంత తవ్వినా రాయి దొరకదు, అందుకే అంతా ఇటుక. ఒక్కో ఇటుక మన ఇప్పటి ఇటుకకు రెండింతలుంది. ఒకదాని మీద బొటనవేలు పట్టేంత గుంట కనపడింది, తడిమట్టప్పుడు ఎవరిదో వేలు దిగినట్టు. నిజంగా వేలేనా, వాన పడిన గుర్తా అంటే మాస్టారు తేల్చలేదు. మా వాడు మాత్రం తన వేలు దగ్గరగా పెట్టి కొలుచుకున్నాడు. ముట్టుకోవద్దని ముందే చెప్పారు, అందుకని గాలిలోనే.

నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల్ని ఆయకాలంటారు. ఆంధ్రదేశపు స్తూపాలకే ఉన్న లక్షణం ఇది. వాటి మీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు, బుద్ధుడి జననం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం, ఐదింటికీ గుర్తుగా. మట్టిలో గీసిన చక్రం చూశాక మళ్ళీ దిబ్బ వైపు తిరిగితే ఇందాకటి ఇటుకలకు ఒక ఆకారం వచ్చింది. మా అమ్మ వాళ్ళ నాన్న ఎడ్లబండి ఇరుసు గురించి చెప్పడం మొదలుపెట్టింది, మాస్టారు అది కూడా శ్రద్ధగా విన్నారు. అక్కడే గంటన్నర గడిచిపోయింది. ఆ గంటన్నరే తర్వాత మా కొంప ముంచింది.

ఆ తర్వాత ద్రాక్షారామం, బిక్కవోలు గుళ్ళు చూడాలని మా ప్లాను. బోడసకుర్రు వంతెన దాటి అమలాపురంలో పెసరట్టు తిని ముక్తేశ్వరం రేవుకు వెళ్ళాం. మరో గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లి చేరాలంటే కారును పంటు మీదికి ఎక్కించాలి. యానాం వైపు వంతెన మీదుగా వెళ్ళొచ్చు కానీ చుట్టు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద మా కారు, రెండు ఆటోలు, ధాన్యం బస్తాల ట్రాక్టరు, పది మోటారు సైకిళ్ళు. ముందు ట్రిప్పు నిండిపోయి దాదాపు గంట ఆగాల్సి వచ్చింది. టైము తక్కువగా ఉన్నవాళ్ళు పంటు మీద ఆశ పెట్టుకోకండి. టైము ఉంటే మాత్రం తప్పకుండా ఎక్కండి, నది మధ్యలో ఆ పావుగంట చల్లగా ఉంటుంది.

ద్రాక్షారామం చేరేసరికి పదకొండుంపావు. పన్నెండింటికి గుడి మూసేస్తారు. పంచారామాల్లో ఇదొకటి, తూర్పు చాళుక్యుల కాలం నాటిది. చాళుక్య భీముడు (892–922) కట్టించాడని చెబుతారు. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, కింద ఒక భాగం, మెట్లెక్కితే పై భాగం. అమ్మ కింద నుంచే దణ్ణం పెట్టుకుంది, ఆ మెట్లు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. ఇది శిథిలం కాదు, నిత్యం పూజలు జరిగే గుడి, కాబట్టి గైడు మాటలకు అడుగడుగునా అడ్డాలే. క్యూలో తోపులాట, మైకులో ప్రకటనలు, ఫొటోలు వద్దనే సిబ్బంది.

టార్చి పని ఇక్కడ తెలిసింది. గుడి స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే నూనె జిడ్డు, కుంకుమ, ఏదో గరుకు, అంతే. మాస్టారు టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి పట్టుకున్నారు. వెలుగు ఏటవాలుగా పడగానే గీతల్లో నీడలు నిలిచి వరుసలు వరుసలుగా అక్షరాలు లేచాయి. మా వాడు "అరె" అని నోరు మూసుకున్నాడు. గుండ్రటి ఆ అక్షరాల్లో కొన్ని మనకీ అందుతాయి, 'న', 'ర' లాంటివి. మాస్టారు ఒక చోట ఆగి చదివారు: 'ఇనుపయెడ్లు'.

ఇనుప ఎడ్లేమిటని అందరం మొహాలు చూసుకున్నాం. ఎడ్లంటే ఇక్కడ గొర్రెలట. గుళ్ళో అఖండ దీపం వెలగడానికి దాత యాభై గొర్రెలనిస్తాడు. వాటిని తీసుకున్న బోయడు, అంటే కాపరి, రోజూ మానెడు నెయ్యి తెచ్చి పొయ్యాలి. మందలో ముసలివి పోతుంటాయి, పిల్లలు పుడుతుంటాయి, యాభై లెక్క మాత్రం తగ్గకూడదు. చావని మంద కాబట్టి 'ఇనుప'. అంటే ఇది తెలుగులో రాసిన ఫిక్స్‌డ్ డిపాజిట్టన్నమాట, మా ఆయన బ్యాంకు ఉద్యోగి, ఆ మాట ఆయనదే. మాస్టారికి అది బాగా నచ్చి రెండుసార్లు అనిపించుకున్నారు. ఇంతలో గుడి మూసే గంట కొట్టారు. ఇంకో స్తంభం దగ్గరికి వెళ్ళబోతే సిబ్బంది కసిరారు. ద్రాక్షారామానికి శాసనాల కోసం వచ్చేవాళ్ళు పొద్దున ఏడింటికే రండి, సోమవారం, కార్తీకమాసం వద్దు.

భోజనం రామచంద్రపురంలో. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

బిక్కవోలు వెళ్ళకుండా తిరిగిపోదామని మా ఆయన అన్నారు, టైము రెండు దగ్గర పడుతోంది. మాస్టారు ఏమీ అనలేదు, సంచి సర్దుకున్నారు. ఆ మొహం చూసి నేనే పదండన్నాను. నాలుగింటి బోటు అప్పుడే పోయినట్టు లెక్క. కానీ మేం చూసినవాటిలో ఏది గొప్పదంటే ఇప్పటికీ బిక్కవోలే అంటాను.

ఊరి పేరే ఒక శాసనం లాంటిది. గుణగ విజయాదిత్యుడికి (849–892) 'బిరుదాంక' అని బిరుదు. ప్రోలు అంటే పట్నం. బిరుదాంకప్రోలు కాస్తా నోళ్ళలో నలిగి బిక్కవోలయింది. ఊళ్ళో గోలింగేశ్వర ఆలయం, పెద్ద గణపతి ఉన్నాయి. గణపతి చెవిలో కోరిక చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ, మా వాడు చాలాసేపే చెప్పుకున్నాడు. మా అమ్మ కూడా చెప్పింది, మోకాళ్ళ గురించే అయ్యుంటుంది. అసలు చూడాల్సింది ఊరవతల పొలాల్లో ఉన్న పాత గుళ్ళు. మేం వెళ్ళినప్పుడు చుట్టూ కోతలు, రోడ్డు పొడుగునా సగం మేర ధాన్యం ఎండబోసి అంచున రాళ్ళు పెట్టారు. గట్టు మీద నడిచి గుడి దగ్గరికి వెళ్తే ఎవరూ లేరు. క్యూ లేదు, మైకు లేదు. గూళ్ళ మీద మకర తోరణాలు, నోరు తెరిచిన మొసలి లాంటి జంతువు, దాని నోట్లోంచి పాకే లత. వెయ్యేళ్ళకు పైగా వాన తిని ముక్కులు అరిగిపోయాయి గానీ ఆ మొసలి పళ్ళు ఇంకా లెక్కపెట్టొచ్చు. మాస్టారు ఇక్కడ పెద్దగా మాట్లాడలేదు. పొద్దుట్నుంచీ ఆయన అంత తక్కువ మాట్లాడింది ఇక్కడే.

తిరుగు ప్రయాణం రావులపాలెం మీదుగా. మాస్టారు అక్కడ దిగి అమలాపురం బస్సెక్కుతానన్నారు. 2,500తో పాటు ఇంకో ఐదొందలు ఇవ్వబోతే మా వాడి జేబులో పెట్టేశారు. ఆయనలో లోపాలు చెప్పాలంటే ఒకటే, గడియారం చూడరు. ముసలివాళ్ళతో వచ్చామని గుర్తు చేస్తేనే ఆగుతారు. ముందే "పన్నెండింటికల్లా ఇక్కడుండాలి, మూడింటికల్లా అక్కడ" అని ఖచ్చితంగా మాట్లాడుకోవాలి.

దిండి చేరేసరికి ఆరు దాటింది, చీకటి పడింది. సాయంత్రం చుట్టు పోయింది. దానికి బదులు రేపు పొద్దున తిప్పమంటే, బోటు మేనేజరు 'ప్యాకేజీ బయటికి వెళ్తే మా బాధ్యత కాదు' అన్నాడు. మేం ఆలస్యమయ్యాం, నిజమే. కానీ వాళ్ళ ప్యాకేజీలో వెళ్ళిన విజయవాడ వాళ్ళ కోసం నలభై నిమిషాలు బోటు ఆపారని వాళ్ళలో ఆవిడే నాతో చెప్పారు. బయటి గైడుని పెట్టుకున్నందుకు చూపించిన కసి ఇది, ఇంకేమీ కాదు.

మళ్ళీ వెళ్తే మాత్రం ఇలా చెయ్యను. దిండిలో ఒక రాత్రి చాలు. అక్కడి నుంచి ఆదుర్రు ఒక్కటే, తీరుబడిగా, మధ్యాహ్నానికి బోటుకు. ద్రాక్షారామం, బిక్కవోలు, కుదిరితే సామర్లకోట భీమేశ్వరం కలిపి ఇంకో రోజు, బస కాకినాడలోనో రాజమండ్రిలోనో. ఆదుర్రు, ద్రాక్షారామం, బిక్కవోలు మూడూ ఒక్క పగట్లో కుక్కడం మా అత్యాశ. ప్యాకేజీ తీసుకోవాలా అంటే, అంతర్వేదిలో దర్శనం చేసుకుని బీచి చూసి రావడానికి సరిపోతుంది. ఆదుర్రుకు మాత్రం తెలిసిన మనిషి లేకపోతే వెళ్ళకపోయినా ఫర్వాలేదు.

రాత్రి మా సంచి విప్పితే మాస్టారి టార్చి అందులో ఉంది. ద్రాక్షారామంలో మా వాడి చేతికిచ్చి మరిచిపోయారు. ఫోన్ చేస్తే "అయ్యో, నేను ఇంటి పెరట్లో వెతుకుతున్నానమ్మా" అన్నారు. మర్నాడు రాజోలు బస్టాండులో అమలాపురం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాం. ఇచ్చే ముందు మా వాడు బస్టాండు గోడ మీద కూడా ఏటవాలుగా వేసి చూశాడు. పాత సున్నం కింద ఏదో ఎన్నికల గుర్తు బయటపడింది.