కమిషన్లు ఎప్పుడూ ఓపెన్‌గా ఉంచాలా, స్లాట్లు పెట్టాలా?

బొమ్మలు వేసి అమ్ముకునే పిల్లలు ఒకప్పుడు రేటు ఎంత పెట్టాలని అడిగేవాళ్లు. ఇప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, కమిషన్లు ఎప్పుడూ తీసుకుంటూనే ఉండాలా, నెలకు ఇన్నే అని స్లాట్లు పెట్టాలా?" కమిషన్ అంటే ఎవరైనా అడిగి, డబ్బిచ్చి వేయించుకునే బొమ్మ. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. నేను ఈమధ్యే స్లాట్లకు మారాను కాబట్టి తక్కెడ కాస్త అటే మొగ్గుతుంది, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

ముందు ఓపెన్‌గా ఉంచడం గురించి. దీన్ని తీసిపారేయడానికి లేదు, ముఖ్యంగా బెంగళూరులో ఉంటే. జనవరి మొదట్లో ఒక ఆదివారం చిత్రకళా పరిషత్తు వాళ్ల చిత్రసంతె, అంటే బొమ్మల సంత, జరుగుతుంది కదా, కుమారకృప రోడ్డు పొడవునా జనం. అక్కడ మీ కార్డు తీసుకెళ్లినవాళ్లు మెసేజ్ పెడితే ఆ వారంలోనే పెడతారు. "వచ్చే నెల ఒకటో తారీఖున ఫారం తెరుస్తాను, అప్పుడు నింపండి" అన్నారో, ఆ తారీఖుకి వాళ్లు మిమ్మల్ని మర్చిపోయి ఉంటారు. మన తెలుగువాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. ముహూర్తం పెట్టుకున్నాక, హాలు బుక్ చేశాక, చీరలు కొన్నాక, పత్రిక అచ్చుకి వెళ్లే ముందు రోజు గుర్తొస్తుంది, పెళ్లికొడుకు పెళ్లికూతురు బొమ్మ వేయించాలని. మారతహళ్లిలో ఉండే అమ్మాయి రాజమండ్రిలో అమ్మానాన్నల షష్టిపూర్తికి ఫ్యామిలీ పోర్ట్రెయిట్ అడిగేది కూడా ఇంకో పది రోజులుందనగానే. తలుపు మూసి ఉంటే ఆ డబ్బు ఇంకో ఆర్టిస్టుకి పోతుంది, అంతే. ఇంటద్దె మాత్రం ఐదో తారీఖుకల్లా కట్టాలి.

ఇక్కడిదాకా ఓపెన్‌దే పైచేయి. నా దృష్టిలో తేల్చేది వేరే ఉంది, ఎంత సంపాదిస్తున్నాం అన్నది కాదు, ఎన్ని బొమ్మలు బాకీ ఉన్నాం అన్నది.

సగం అడ్వాన్స్, సగం చివర్లో అనే పద్ధతి మనందరిదీ. నాలుగు వేల బొమ్మ అనుకోండి. కొత్త క్లయింటుతో ఒక సాయంత్రం చాట్ చేస్తే రెండు వేలు ఫోన్‌పేలో పడతాయి. పాత క్లయింటు దగ్గర మిగిలిన రెండు వేలు రావాలంటే మూడు రోజులు కూర్చుని కలరింగ్ చేయాలి, రెండు సార్లు మార్పులు చేయాలి, "అత్తయ్యగారి ముక్కు కొంచెం చిన్నది చేయండి" అంటే చేయాలి. చేతిలో డబ్బు లేని రోజున మనిషి దేనికి కూర్చుంటాడు? కొత్తదానికే. ఇందులో బద్ధకం ఏమీ లేదు, పద్ధతే అటు తోస్తుంది. అలా కొత్త అడ్వాన్స్‌తో ఈ నెల గడుస్తుంది, పాత బొమ్మ స్కెచ్ దగ్గరే ఆగిపోతుంది, వచ్చే నెల ఇంకో రెండు. కొత్త చీటీ పాడి పాత చీటీ కట్టుకుంటూ పోవడం లాంటిదే ఇది, నడిచినన్నాళ్లు నడుస్తుంది. జ్వరమొచ్చి రెండు వారాలు పడుకుంటే మొత్తం ఒకేసారి మీద పడుతుంది, డీఎంలు, అంటే పేజీకి వచ్చే మెసేజ్‌లు, తెరవాలంటేనే టెన్షన్, తెరవకపోతే "అక్కా, ఎంతవరకు వచ్చింది?" అన్నవాళ్లే "ఏమండీ, డబ్బులు తీసుకున్నారు కదా" అనడం మొదలుపెడతారు.

విదేశీ క్లయింట్లుంటే ఇది ఇంకా ముదురుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ (ఆన్‌లైన్‌లో డబ్బు పంపే, తీసుకునే సేవ) మన దేశంలో లోపలి చెల్లింపులు ఆపేసింది కానీ బయటి నుంచి వచ్చేవి అందులో తీసుకోవచ్చు, చాలామంది అదే వాడుతున్నారు. అక్కడ డబ్బు కట్టినవాళ్లకు 180 రోజుల లోపు వివాదం లేవనెత్తే, అంటే పని అందలేదని పేపాల్‌కి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడిగే హక్కుంది. మీ క్యూ ఐదు నెలలు దాటిందనుకోండి, క్లయింటు మంచివాడైనా సరే, గడువు దాటిపోతుందన్న భయంతోనే వివాదం పెడతాడు, అతని వైపు నుంచి చూస్తే అది న్యాయమే. మనకు వచ్చిన పేపాల్ డబ్బు ఎప్పటికప్పుడు బ్యాంకుకి వెళ్లిపోతుంది కాబట్టి ఆ ఖాతాలో ఏమీ ఉండదు. తీర్పు అతని వైపు వచ్చిందంటే ఖాతా మైనస్‌లోకి పోతుంది, ఎప్పుడో అద్దెకి పోయిన డబ్బు మళ్లీ మనమే పూడ్చాలి.

స్లాట్లలో ఈ బాకీకి ఒక హద్దుంటుంది. నాలుగు స్లాట్లంటే ఏ రోజైనా మహా అయితే నాలుగు బొమ్మలే బాకీ. కాకపోతే ఒక షరతు, అడ్వాన్స్ ఆ స్లాట్ పని మొదలయ్యే వారమే తీసుకోవాలి, బుక్ చేసిన రోజున కాదు. బుకింగ్ రోజే మూడు నెలల అడ్వాన్సులు లాగేసి దానికి స్లాట్లని పేరు పెడితే అది మళ్లీ పాత కథే. లెక్క కూడా కాస్త వదులుగా వేసుకోండి. ఒక పోర్ట్రెయిట్‌కి ఐదు రోజులు పడితే నెలకు ఆరు అనుకుంటారు, నాలుగే పెట్టండి. మార్పులు, కరెంటు పోవడం, ఊరి ప్రయాణం, ఇవన్నీ ఆ మిగిలిన రోజుల్లోంచే పోతాయి.

ఇంకొకటి, స్లాట్లు పెడితే ఫారం పెట్టక తప్పదు, ఫారం ఉంటే వాట్సాప్‌లో అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ అదే అడిగేస్తుంది. రిఫరెన్స్ ఫోటోలు, ఏ తేదీకి కావాలి, ఎన్ని మార్పుల వరకు ఉచితం, ఇంట్లో గోడకా, కంపెనీ ప్రచారానికా. హక్కుల మాట ఆ ఫారంలో తప్పకుండా రాయండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్ విషయంలో వేరే ఒప్పందమేదీ లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. వేసింది నేను కదా, హక్కు నాదే అనుకునేవాళ్లు మనలో చాలామంది. ప్రింట్లు అమ్ముకునే హక్కు, మీ పేజీలో పెట్టుకునే హక్కు మీ దగ్గర ఉంచుకోవాలంటే అది రాసి ఉండాలి. ఓపెన్‌గా ఉన్నవాళ్లు కూడా రాసుకోవచ్చు, ఎవరు కాదన్నారు, కానీ రాత్రి పదకొండింటికి డీఎంలో బేరం కుదిరినప్పుడు అవన్నీ ఎవరికి గుర్తుంటాయి.

స్లాట్లకు ఇబ్బందుల్లేవని కాదు. ఫారం తెరిచిన రోజు ఎవరూ నింపకపోతే ఆ నెల ఖాళీ, అది అందరికీ కనిపిస్తుంది కూడా. ఇక చుట్టాలు. "పిన్ని కూతురికి కూడా స్లాటేనా?" అంటారు, ఒక పెళ్లిలో కాకపోతే ఇంకో పెళ్లిలో అంటారు. నేను ఒక స్లాట్ ఫారంలో పెట్టకుండా పక్కన ఉంచుతాను, ముహూర్తం దగ్గరపడ్డవాళ్లకు, చుట్టాలకు అదే. అర్జెంటు కాబట్టి రేటు ఎక్కువ, చుట్టాలకైనా సరే. ఆ రేటు విన్నాక సగం అర్జెంట్లు వాటంతట అవే తగ్గిపోతాయి. నెలలను కూడా చూసుకోవాలి. ధనుర్మాసంలో మనవాళ్ల పెళ్లిళ్లు ఉండవు, సరిగ్గా దానికి ముందు వారాల్లో విదేశాల వాళ్లకు క్రిస్మస్ కానుకల హడావిడి. ఆషాఢంలో పత్రికల బొమ్మలు ఆగుతాయి, శ్రావణం పెళ్లిళ్ల వాళ్లు మాత్రం అప్పుడే అడుగుతారు. నెలనెలా ఒకే సంఖ్య పెట్టాలన్న రూలేమీ లేదు.

వెయిటింగ్ లిస్ట్ అని మూడోది ఒకటి ఉంది, డబ్బు తీసుకోకుండా పేర్లు మాత్రం రాసుకోవడం. బాకీ ఉండదు, నిజమే, కానీ వాళ్ల వంతు వచ్చేసరికి పుట్టినరోజు అయిపోయి ఉంటుంది. స్లాట్లకు తోకగా పనికొస్తుంది, ఒంటరిగా కాదు. ఫైవర్ లాంటి, ఫ్రీలాన్స్ పనులు దొరికే సైట్లంటారా, 20 శాతం వాళ్లు తీసుకుంటారు, 50 డాలర్ల పనికి చేతికి 40. పేరు లేని మొదటి రోజుల్లో సరే. స్టార్టప్‌ల పనులు వేరే లోకం, అక్కడ స్లాటూ లేదు ఓపెనూ లేదు, బిల్లు పెట్టి ఎదురుచూడటమే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, చేయించుకోండి, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన చూపించి అడగొచ్చు.

మరి ఓపెన్ ఎవరికి నప్పుతుంది? ఐదారు వందల రూపాయల ప్రొఫైల్ బొమ్మలు, చిన్న కార్టూన్లు, ఒక పూటలో అయిపోయేవి వేసేవాళ్లకు. డబ్బంతా ముందే తీసుకుని రాత్రికల్లా ఫైల్ పంపేస్తే బాకీ పేరుకునే సందే లేదు, వాళ్లకి ఫారాలూ గీరాలూ దండగ. ఆఫీసు నుంచి వచ్చాక పోర్ట్రెయిట్లు వేసేవాళ్లు మాత్రం రెండో ఆలోచన లేకుండా స్లాట్లే పెట్టుకోండి, నెలకు రెండైనా చాలు.

ఇప్పటికే పెద్ద క్యూ పెట్టుకుని స్లాట్లకు మారదాం అనుకునేవాళ్లు, పాతవి తేలేదాకా ఫారం తెరవకండి. అందరికీ ఒక్కో తేదీ రాసి పంపండి, ఆగలేం అన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చేయండి. యూపీఐ వాళ్లకైతే తిప్పి పంపితే సరిపోతుంది. పేపాల్ వాళ్లకు మాత్రం విడిగా ఇంకో దారిలో పంపకండి, వాళ్లు కట్టిన ఆ పేమెంట్ తెరిచి అక్కడే రీఫండ్ నొక్కండి, లేకపోతే పాత పేమెంట్ మీద వివాదం పెట్టే దారి అలాగే తెరిచి ఉంటుంది.