టార్చి: కంపెనీ ఇచ్చింది కొనడం మేలా, చెప్పి కట్టించుకోవడం మేలా?

టార్చీల పిచ్చి ముదిరినవాళ్లు ఈమధ్య నన్ను వరసగా ఒకటే అడుగుతున్నారు. "ఎమిసార్ అనే చిన్న టార్చీల దుకాణంవాడు ఎల్‌ఈడీ మనల్నే ఎంచుకోమంటాడు, బాడీ రంగు ఎంచుకోమంటాడు, క్లిప్పు కావాలా వద్దా అని కూడా అడుగుతాడు. మరి ఫీనిక్స్, నైట్‌కోర్ లాంటి పెద్ద కంపెనీలకు ఏం రోగం?" అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే ఖాయం చేసుకుని, నాచేత ఔననిపించుకుందామని వస్తారు. నేను సగమే ఔనంటాను.

ల్యూమెన్లంటే (మొత్తం వెలుగుకు కొలత) ఏమిటో, 18650 సెల్లు (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునేది) ఎలా ఉంటుందో మళ్లీ మొదటినుంచి చెప్పను. ఇవాళ మన ముందున్న దారులు ముఖ్యంగా మూడు. కంపెనీ ఒక మోడల్ తేల్చి పెట్టేస్తుంది, నచ్చితే కొంటాం లేకపోతే మానేస్తాం. లేదా ఎమిసార్, అలాంటిదే కాన్వాయ్ అనే దుకాణం, వీళ్ల పద్ధతిలో ఆర్డరు పెట్టేటప్పుడే జాబితాలోంచి ఏరుకుంటాం. అదీ కాదంటే ఒట్టి బాడీ కొనుక్కుని, డ్రైవరూ (ఎల్‌ఈడీకి కరెంటు ఎంత పంపాలో చూసే సర్క్యూటు) ఎల్‌ఈడీ విడిగా తెప్పించి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంటాం.

వీటిలో ఏది మేలన్నది నా లెక్కలో ఒక్క విషయం దగ్గర తేలిపోతుంది: మనం అడిగే మార్పు తయారీలో ఏ మెట్టు దగ్గర పడుతోంది?

టార్చి పుట్టుక అల్యూమినియం కడ్డీని లేత్ మీద తిప్పడంతో మొదలవుతుంది. గొట్టానికి మరలు కోయాలి, యానడైజింగ్ తొట్టిలో ముంచి రంగు పట్టించాలి. ఇదంతా ఒకే విడతలో గుట్టలకొద్దీ చేస్తేనే గిట్టుబాటు. నా ఒక్కడి కోసం గొట్టం అరంగుళం పొడుగు చెయ్యమంటే మెషీన్ సెట్టింగు మొత్తం మార్చాలి. ఎల్‌ఈడీ సంగతి వేరు. అది ఒక చిన్న రాగి పలక మీద కూర్చుంటుంది. ఆ పలకను తలలో బిగించి రెండు వైర్లు అతికితే పని అయిపోతుంది. అది దాదాపు చిట్టచివరి మెట్టు. పైగా ఎల్‌ఈడీల్లో నిచియా 519ఏ, నిచియా 219బీ, లుమినస్ ఎస్‌ఎస్‌టీ-20, క్రీ ఎక్స్‌పీ-ఎల్, ఇవన్నీ సుమారు మూడున్నర మిల్లీమీటర్ల చదరాలే, ఒకే రకం పలక మీద కూర్చుంటాయి. బాగా దూరం కొట్టే ఓస్రామ్ డబ్ల్యూ1 మాత్రం 3 మిల్లీమీటర్లది, దానికి పలక మారుతుంది. అయినా మారేది పలకే, టార్చి కాదు.

దోసెల బండి దగ్గర పిండి ఒకటే, పెనం ఒకటే. పైన ఉల్లిపాయ చల్లాలా, కారం పూయాలా అనేదే మనల్ని అడుగుతాడు. పిండి మార్చమంటే వాడేం చేస్తాడు? ఎమిసార్ చేస్తున్నదీ అదే. బాడీలు ముందే తయారుగా ఉంటాయి, ఆర్డరు వచ్చాక ఎల్‌ఈడీ పడుతుంది. అందుకే అంత చిన్న దుకాణం అన్ని రకాలు ఇవ్వగలుగుతోంది.

తయారీదారుకు అంత తేలికైన ఈ మార్పే కొన్నవాడికి అన్నిటికన్నా ఎక్కువ తేడా తెస్తుంది. నమ్మకపోతే కరెంటు పోయినప్పుడు ఆవకాయ జాడీ మూత తీసి చూడండి. సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో వందకు వేసే మార్కు) 70 ఉన్న తెల్లటి 6500 కెల్విన్ (ఈ అంకె పెరిగితే వెలుగు నీలం వైపు, తగ్గితే పసుపు వైపు) వెలుగులో నూనె మట్టి నీళ్లలా, ముక్క మీది కారం ముక్కిపోయిన గోధుమరంగులో కనిపిస్తుంది. అదే బాడీలో 4500 కెల్విన్ 519ఏ వేసి వెలిగిస్తే కారం ఎర్రగా నిగనిగలాడుతుంది, అంచుల్లో తేలే నూనె నారింజ రంగు కూడా తెలుస్తుంది. ముదురు ఎరుపును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె ఆర్9. చవక ఎల్‌ఈడీల్లో ఇది సున్నా కిందికి కూడా దిగుతుంది, 519ఏలో బాగా ఎక్కువ. ఇది ఊరగాయతో తీరే ముచ్చట కాదు. రాత్రి త్రీఫేజ్ ఇచ్చే వేళకు మోటారు వెయ్యడానికి పొలం గట్టు మీద నడిచేవాడికి ఎండుటాకుల్లో రక్తపింజర విడిగా కనపడాలి. గోధుమరంగు మీద గోధుమరంగును విడదీసి చూపడానికి మరో 500 ల్యూమెన్ల కన్నా మంచి రంగు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

డ్రైవర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను అడ్డం తిరుగుతాను. అది కొనేవాడు ఏరుకోవలసిన వస్తువు కాదు. 7135 చిప్పులతో కట్టిన పాత డ్రైవర్లు ఒక్కో చిప్పుకు సుమారు 350 మిల్లీయాంపులే వదులుతాయి కాబట్టి ఎల్‌ఈడీకి పెద్ద ప్రమాదం లేదు. ఎఫ్‌ఈటీ డ్రైవర్ అలా కాదు. టర్బోలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగు పెట్టినప్పుడు, సెల్లు ఎంతివ్వగలిగితే అంతా ఎల్‌ఈడీ మీదికి వదిలేస్తుంది. నిచియా 219 రకాలు ఆ పోటుకు తట్టుకోలేవు. అందుకే ఎమిసార్‌లో నడిచే ఓపెన్ సోర్సు ఫర్మ్‌వేర్ (టార్చిని నడిపే ప్రోగ్రాము) అండ్యూరిల్‌లో 219 వేసిన టార్చీలకు టర్బోని తగ్గించిన వేరే వెర్షన్ ఉంటుంది. టార్చి ఆరి ఉన్నప్పుడు బటన్ 15 సార్లు నొక్కితే వెర్షన్ అంకెల్ని మిణుకు మిణుకుమని చెబుతుంది కూడా. ఆ మిణుకులు లెక్కపెట్టకుండా మామూలు వెర్షన్ ఎక్కించారనుకోండి, టర్బోలో వెలుగు నీలంగా తిరిగి, ఎల్‌ఈడీ అక్కడితో సరి. ఎక్స్‌హెచ్‌పీ70.2 లాంటి పెద్ద ఎల్‌ఈడీకి పలకను బట్టి 6 వోల్టులో 12 వోల్టులో కావాలి. ఒక్క సెల్లు నిండుగా చార్జయినా ఇచ్చేది 4.2. అంటే వోల్టేజి పెంచే బూస్ట్ డ్రైవర్ లేకుండా అది వెలగదు. ఏ ఎల్‌ఈడీకి ఏ డ్రైవర్ పడుతుందో ముడిపెట్టే బాధ్యత కట్టేవాడిదే. రెండు జాబితాలూ విడివిడిగా మన చేతికిచ్చి "మీ ఇష్టం" అంటే, రేపు కాలిపోయాక తప్పెవరిదో తేల్చడానికి పంచాయితీ పెట్టాలి.

పెద్ద కంపెనీల కష్టం ఇంకొకటుంది, దాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. డబ్బా మీద ల్యూమెన్లు, దూరం, ఎంతసేపు వెలుగుతుంది అని వేసే అంకెలు 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం కొలుస్తారు. దూరం అంటే వెలుగు 0.25 లక్సుకు, ఇంచుమించు పున్నమి వెన్నెలంతకు, పడిపోయే చోటు. 10,000 క్యాండెలాకు (వెలుగు కిరణం నడిమి తీవ్రతకు కొలత) 200 మీటర్లు, 40,000 అయితే 400. ఎల్‌ఈడీ మారినా, లెన్సు మారినా క్యాండెలా మారిపోతుంది. మాటవరసకి 8 ఎల్‌ఈడీలు, 3 లెన్సులు ఇచ్చారనుకుంటే 24 రకాలకు విడివిడిగా కొలతలు తీసి, 24 రకాల డబ్బాలు అచ్చేసి, దేశదేశాల డీలర్ల దగ్గర సరుకు పెట్టాలి. డీలర్లు లేని చిన్న దుకాణానికి ఈ బెడద లేదు.

మరి దారి లేదా అంటే ఉంది. జీబ్రాలైట్ కంపెనీ ఎప్పటినుంచో పేరు చివర ఒక అక్షరంతో కానిచ్చేస్తోంది. ఒకే బాడీ, చివర డబ్ల్యూ ఉంటే న్యూట్రల్ వైట్, అంటే నీలం తగ్గిన తెలుపు, సీ ఉంటే రంగులు బాగా చూపించేది, మధ్యలో ఎఫ్ వస్తే గరుకు గాజు. అంతే. ఏస్‌బీమ్ ఈ75ని 519ఏతో కూడా అమ్మింది. నాకు కావలసిందల్లా ఈ మాత్రం ఉదారత. ముప్పై ఎల్‌ఈడీల జాబితా చూసి తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. చివరికి అందరూ ఏవో మూడునాలుగిటి దగ్గరికే వస్తారు.

విచిత్రమేమిటంటే, మన లోకంలో బాగా సాగిన కస్టమ్ పద్ధతిని ఏ కంపెనీ కస్టమ్ పేరుతో మొదలుపెట్టలేదు. ష్యూర్‌ఫైర్ 6పీ అనే పాత టార్చిలో పీ60 అనే బల్బు ముక్క ఉండేది. రెండు సీఆర్123 సెల్లుల మీద 65 ల్యూమెన్లు, గంటసేపు. బల్బు మాడిపోతే ముందున్న మూత తిప్పి కొత్త ముక్క పెట్టుకోవాలి కాబట్టి అలా చేశారు. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ ఖాళీలోనే మాల్కాఫ్ ఎం61 లాంటి ఎల్‌ఈడీ ముక్కలు వచ్చి కూర్చున్నాయి. బాడీ ఒకరిది, లోపలి సరుకు ఇంకొకరిది, సోల్డరింగ్ అక్కర్లేదు. దీనికీ ఒక లోపముంది. ముక్కకీ బాడీకీ మధ్య గాలి సందు ఉంటుంది, వేడి బయటికి రాదు. అందుకే జనం రాగి రేకు చుట్టి మరీ దూరుస్తారు. ఎక్కువ ల్యూమెన్లకు ఈ పద్ధతి పనికిరాదు, కానీ తిప్పితే ఊడే మూత ఎంత స్వేచ్ఛ ఇస్తుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. నాలుగు ఎల్‌ఈడీల ఎమిసార్ డీ4వీ2లో కార్‌క్లో కంపెనీ లెన్సుదీ ఇదే కథ. ముందు రింగు విప్పితే లెన్సు చేతిలోకొస్తుంది. అలాంటిదాన్ని జాబితాలో పెట్టి ఏరుకోమనడం దేనికి, పార్సిల్లో రెండోది పడేస్తే సరిపోయేదానికి?

ఔత్సాహికులంతా కలిసి డిజైన్ చేసి కంపెనీచేత చేయించుకున్నవి కూడా ఉన్నాయి. సోఫిర్న్ క్యూ8, 2019లో వచ్చిన లుమిన్‌టాప్ ఎఫ్‌డబ్ల్యూ3ఏ అలాంటివే. మంచి టార్చీలే గానీ నలుగురూ ఒక మాట మీదికి రావడానికి పట్టే కాలం నాకు లేదు. ఇక బాడీ మీద పేరు చెక్కించుకోవడాన్ని నేను కస్టమ్ కింద లెక్కెయ్యను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి కొనేవాళ్లకు ఒక సంగతి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ మీద నిషేధం పడ్డాక కాన్వాయ్ దుకాణం మనకు మూతపడినట్టే, దాని సొంత వెబ్‌సైటే గతి. అమెరికాలో ఉన్నవాళ్లకూ మునుపటి సుఖం లేదు. 800 డాలర్ల లోపు చైనా పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు 2025 మేలో పోయింది. ఒక్కొక్క పార్సిలే నేరుగా కొన్నవాడికి పంపి బతికే చిన్న దుకాణాలకు ఇది గట్టి దెబ్బ. మన దగ్గర్నుంచి చెడిపోయిన టార్చి చైనాకు తిరిగి పంపడమంటే చాలాసార్లు కొత్తది కొన్నంత ఖర్చు. అందుకని తలని జిగురుతో అతికించేసిన టార్చి ఎంత పెద్ద కంపెనీదైనా నేను కొనను. మొన్న నేను తెప్పించుకున్నది నల్ల బాడీలో 4500 కెల్విన్ 519ఏ వేసిన డీ4వీ2. మిగతా గళ్లన్నీ వాళ్లు ముందే టిక్కు పెట్టి ఉంచినట్టే వదిలేశాను.

పెద్ద కంపెనీలకు రాసి అడుగుదామనుకునేవాళ్లు "అన్నీ మా ఇష్టం" అని రాయకండి, అది చదివి పక్కన పడేస్తారు. ఉన్న మోడల్లోనే సీఆర్ఐ 90 దాటినది 4500 కెల్విన్‌లో ఒకటి, మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పగలిగే తల, ఈ రెండూ అడగండి.