న్యాయశాఖ ఎలా ఉంటే మేలు: మనలాగానా, అమెరికాలాగానా, ఇంగ్లండ్‌లాగానా?

లా చదివే పిల్లలు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అమెరికాలో ఎఫ్‌బీఐ, ప్రాసిక్యూటర్లు (క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయర్లు), జైళ్లు అన్నీ న్యాయశాఖ కిందే ఉంటాయి కదండీ. మన కేంద్ర న్యాయశాఖ చేతిలో ఇవేమీ లేవేంటి? వాళ్ల పద్ధతే మేలు కదా?"

మన పద్ధతిలో లోపం ఉన్నమాట నిజమే. కానీ దాన్ని సరిదిద్దుకోవాలంటే చూడాల్సింది ఇంగ్లండ్ వైపని నా అభిప్రాయం. ఒక శాఖ కింద ఎన్ని విభాగాలున్నాయన్నది నాకు ముఖ్యం కాదు. కేసు దర్యాప్తు చేసినవాళ్లు, ఆ కేసు కోర్టులో నిలుస్తుందా లేదా అని తేల్చాల్సినవాళ్లు ఒకే పెద్దకు జవాబు చెప్పుకుంటున్నారా? నేను చూసేది అదే.

అమెరికాలో ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ పదవి 1789లో పుట్టింది. ఆయన కింద శాఖంటూ ఏర్పడింది మాత్రం 1870లో. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో నల్లజాతివారి మీద దాడులు చేస్తున్న కు క్లక్స్ క్లాన్‌ను కోర్టుకు లాగడం ఆ శాఖ మొదట చేసిన పెద్ద పని. స్థానిక అధికారులు కదలనిచోట కేంద్రం కదిలింది. అన్నీ ఒకేచోట ఉండడంలోని బలం అది, కాదనలేం. అదే బలం ఎటు తిరగగలదో 1973 అక్టోబర్ 20న కనబడింది. నిక్సన్ ప్రభుత్వాన్నే చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణం కేసు చూస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తీసేయమని అధ్యక్షుడు నిక్సన్ ఆదేశించాడు. తీయనంటూ అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ రాజీనామా చేశాడు. ఆయన డిప్యూటీ రకల్స్‌హాస్ కూడా ఒప్పుకోక బయటికి నడిచాడు. తర్వాతి స్థానంలో ఉన్న రాబర్ట్ బోర్క్ కాక్స్‌ను తీసేశాడు. ఒకే రాత్రిలో ముగ్గురు మనుషులు, మూడు నిర్ణయాలు. ఎవరు ఆ కుర్చీలో ఉంటే వాళ్ల మనస్సాక్షే దిక్కు అన్న ఏర్పాటు నాకు నచ్చదు.

ఇక మన సంగతి. స్వతంత్ర భారతానికి తొలి న్యాయమంత్రి అంబేడ్కర్ అని అందరికీ తెలుసు. అంతగా తెలియనిది, జడ్జీల నియామకాలు చూసే న్యాయవిభాగం 1979 డిసెంబర్ 31 దాకా కేంద్ర హోంశాఖలో ఉండేదన్నది. హోం కార్యదర్శే దానికీ కార్యదర్శి. ఆ తర్వాత అది న్యాయశాఖలోకి వచ్చింది. 1980 జనవరిలో మంత్రి అయినవారు మన హైదరాబాద్ న్యాయవాది పి. శివశంకర్. ఇతర రాష్ట్రాల హైకోర్టులకు వెళ్లడానికి అదనపు న్యాయమూర్తుల (కొంతకాలానికే నియమితులైనవారి) సమ్మతి అడుగుతూ 1981 మార్చిలో ఆయన ముఖ్యమంత్రులకు రాసిన లేఖే ఎస్.పి. గుప్తా కేసుకు దారితీసింది. జడ్జీల నియామకాల్లో ప్రభుత్వానిదే పైచేయి అని అప్పుడు సుప్రీంకోర్టు అంది. 1993లో ఆ మాట తిరగబడి, జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసే కొలీజియం వచ్చింది.

జడ్జీల నియామకం గురించి చర్చ ఇంత జరుగుతుంది కానీ, మామూలు మనిషికి రోజూ ఎదురయ్యే ప్రాసిక్యూటర్ గురించి ఎవరూ మాట్లాడరు. మన రాష్ట్రాల్లో సివిల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే జీపీని (గవర్నమెంట్ ప్లీడర్‌ని) చూసుకునేది న్యాయశాఖ. మేజిస్ట్రేట్ కోర్టులో నిలబడే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) మాత్రం హోంశాఖ మనిషి. తెలంగాణలో 2021లో ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది పోలీసు నియామక మండలి! కానిస్టేబుళ్లను, ఎస్సైలను ఎంపిక చేసే బోర్డే వాళ్ల ఛార్జిషీట్లలో తప్పులు పట్టాల్సిన లాయర్లనూ ఎంపిక చేస్తోంది. ఇక్కడే నాకు బాధ. ప్రాసిక్యూషన్‌ను పోలీసుల నుంచి విడదీయాలని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1958లోనే తన 14వ నివేదికలో చెప్పింది. 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అయినా 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 20వ సెక్షన్ ప్రాసిక్యూషన్ డైరెక్టర్‌ను హోంశాఖ కిందే ఉంచింది.

పైగా కేసులో సరుకు లేదని ఏపీపీకి అనిపించినా, ఛార్జిషీటు వేయకుండా ఆపే అధికారం ఆయనకు లేదు. కోర్టు అనుమతితో ఉపసంహరించుకోవడం ఒక్కటే దారి, అదీ కేసు కోర్టుకెక్కాక. ఈలోపు ముద్దాయి వాయిదాల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

ఇంగ్లండ్‌లో పని మూడుచోట్ల పంచారు. పోలీసులు హోంశాఖ కింద. 1986లో మొదలైన క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్ల సంస్థ), ప్రభుత్వ ప్రధాన న్యాయసలహాదారైన అటార్నీ జనరల్ పర్యవేక్షణలో. కోర్టుల నిర్వహణ, జైళ్లు 2007 మేలో ఏర్పడ్డ న్యాయశాఖ కింద. తీవ్రమైన కేసుల్లో అభియోగం మోపాలా వద్దా అని తేల్చేది పోలీసు కాదు, ప్రాసిక్యూటర్. శిక్ష పడేంత సాక్ష్యం ఉందా, కేసు నడపడం ప్రజాహితమా అని రెండు పరీక్షలు పెట్టి చూస్తారు. న్యాయశాఖ మంత్రి అక్కడ లార్డ్ ఛాన్సలర్ (న్యాయవ్యవస్థ బాధ్యత మోసే పాతకాలపు పదవి) కూడా కాబట్టి, న్యాయవ్యవస్థ స్వతంత్రతను కాపాడతానని, కోర్టులకు కావలసిన వనరులు సమకూరుస్తానని ప్రమాణం చేయాలి. 2005 చట్టం పెట్టిన షరతు ఇది. ప్రమాణం చేసినంత మాత్రాన డబ్బులు రావనుకోండి. జైళ్లు, కోర్టులు ఒకే బడ్జెట్‌లో పోటీ పడడం అక్కడ పెద్ద సమస్యే, 2012 చట్టంతో పేదలకిచ్చే న్యాయసహాయంలోనూ బాగా కోత పెట్టారు. అయినా దర్యాప్తుకూ ప్రాసిక్యూషన్‌కూ మధ్య గోడ మాత్రం గట్టిది.

ఫ్రాన్స్ గురించీ అడుగుతారు. అక్కడ ప్రాసిక్యూటర్లు న్యాయమంత్రి కిందే ఉంటారు, కాకపోతే విడి కేసుల్లో మంత్రి ఆదేశాలివ్వకుండా 2013లో చట్టం చేశారు. మనకు దగ్గరి నమూనా కాదు.

"ఏపీపీలను హోంశాఖ నుంచి తీసేస్తే పోలీసులతో సమన్వయం చెడుతుంది" అని కొందరంటారు. సాక్షులను తేవడం, సమన్లు అందించడం ఏ శాఖ కింద ఉన్నా పోలీసుల పనే, అది మారదు. 20వ సెక్షన్ మార్చడం పెద్ద పని, ఒప్పుకుంటాను. కానీ నియామకాలను పోలీసు బోర్డు నుంచి పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు మార్చడానికి ఆ సెక్షన్ అడ్డు రాదు. ఉత్తరప్రదేశ్‌లో, మహారాష్ట్రలో ఈ పోస్టులు కమిషన్లే భర్తీ చేస్తున్నాయి. మన రెండు రాష్ట్రాలూ వచ్చే నోటిఫికేషన్ నుంచే ఆ పని మొదలుపెట్టవచ్చు.