రాగి ధరకు అల్యూమినియం కొన్నాను: మాగ్నెటో ఛార్జరు కట్టుకోబోయేవారు జాగ్రత్త

“రాగి అని చీటీలో ఎక్కడ రాశాను సార్?”

నిన్న ఉదయం పదకొండు గంటలకు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మనలో చాలామంది మెట్లెక్కి దిగిన ఆ వైండింగ్ తీగల దుకాణంలో, గల్లాపెట్టె వెనుక కూర్చున్న పెద్దమనిషి ఫోనులోంచి తల ఎత్తకుండానే నాతో అన్న మాట ఇది. దుకాణం పేరు రాయడం లేదు. తెలిసినవారికి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, తెలియనివారు ఏ దుకాణానికి వెళ్ళినా ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. చేతిలో కాలిన తీగ ముక్క పట్టుకుని, పక్కనే ఇద్దరు కొనుగోలుదారులు చూస్తూ ఉండగా ఆ మాట విని నిలబడిపోయిన నేను, ఇంటికి వచ్చి రాత్రంతా నిద్రపట్టక ఇది రాస్తున్నాను కాబట్టి, భాషలో కాస్త వేడి కనబడితే మన్నించండి.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. గోదావరి జిల్లాలో మా తాతగారి పొలానికి ఒకప్పుడు నీళ్ళు తోడిన లిస్టర్ డి ఇంజను, ఒకటిన్నర హార్స్‌పవరుది, ఏళ్ళ తరబడి పాకలో పడి ఉంటే తెచ్చుకుని బాగుచేస్తున్నాను. కంప్రెషన్ బాగుంది, కార్బ్యురేటరు శుభ్రమయింది, మాగ్నెటోలో, అంటే అయస్కాంతంతో ఇంజనుకు స్పార్కు పుట్టించే పరికరంలో, కాయిలూ కండెన్సరూ కొత్తవి పడ్డాయి. అయినా స్పార్కు మాత్రం రెండు మిల్లీమీటర్ల సందు కూడా సరిగా దూకడం లేదు. కారణం మాగ్నెటోలోని లాడం ఆకారపు అయస్కాంతం నీరసించడం. ధ్రువాల మధ్య ఇనుము ఉన్నంతకాలం ఈ పాత ఉక్కు అయస్కాంతాలు బలాన్ని నిలబెట్టుకుంటాయి, వాటి మధ్య తిరిగే ఆర్మేచరును ఊడదీసి, ధ్రువాలను కలుపుతూ ఇనుప పట్టీ వేయకుండా వదిలేస్తే నీరసిస్తాయి. మా బాబాయి గారు ఎప్పుడో ఒక మెకానిక్కు చేత మాగ్నెటో విప్పించి, లాడాన్ని ఒక డబ్బాలో, ఆర్మేచరును ఇంకో డబ్బాలో ఎంతో జాగ్రత్తగా దాచిపెట్టారు. ఆ జాగ్రత్తే దాని ప్రాణం తీసింది.

కాబట్టి తిరిగి అయస్కాంతీకరించడానికి ఇంట్లోనే మాగ్నెటో ఛార్జరు, అంటే ఒక పెద్ద విద్యుదయస్కాంతం, కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. యాభై మిల్లీమీటర్ల మెత్తని ఇనుప రౌండు బారు నుంచి రెండు కాళ్ళు, వాటి అడుగున 75 × 25 పట్టీ, పైన లాడం కాళ్ళు సరిగ్గా ఆనేలా నున్నగా పట్టించిన రెండు దిమ్మలు, ఒక్కో కాలికి 16 గేజి ఎనామిల్ తీగతో 600 చుట్లు. మామూలు టంగ్‌స్టన్ ఉక్కు లాడమైతే ఆరేడు వేల ఆంపియర్-చుట్లతో (కరెంటును చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది) పని అయిపోతుంది కానీ, మాది కోబాల్టు ఉక్కు అయి ఉంటే దానికి మూడింతలు కావాలి కనుక ఇరవై వేలు దాటేలా లెక్క వేసుకున్నాను. రెండు ట్రాక్టరు బ్యాటరీలను కలిపి 24 వోల్టులు ఇస్తూ, రెండు కాయిళ్ళనూ సమాంతరంగా కలిపితే, ఒక్కో కాయిలు నిరోధం 1.1 ఓములు కాబట్టి ఒక్కోదానిలో ఇంచుమించు 22 ఆంపియర్లు, వెరసి 26 వేల ఆంపియర్-చుట్లు. అంత కరెంటు రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువసేపు పంపనవసరం లేదు గనుక కాయిళ్ళు వేడెక్కవు. తెంచేటప్పుడు మంట లేవకుండా కారు సెల్ఫ్ మోటారు రిలే పెట్టాను, ఎదురు వోల్టేజీకి డయోడు పెట్టాను. ఇంత బుద్ధిమంతుణ్ణి, తీగ దగ్గర మాత్రం కళ్ళు మూసుకున్నాను.

లెక్క ప్రకారం రెండు కాయిళ్ళకూ కలిపి దాదాపు 265 మీటర్ల తీగ కావాలి. పదహారు గేజి రాగి మీటరుకు పద్దెనిమిదిన్నర గ్రాములు తూగుతుంది కాబట్టి ఐదు కిలోలు సరిపోతుంది. పది రోజుల క్రితం దుకాణంలో ఐదు కిలోలు అడిగాను, కిలో పదకొండు వందలన్నాడు, మారు మాట్లాడకుండా ఐదు వేల ఐదు వందలు ఇచ్చాను. “పక్కా బిల్లు కావాలంటే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుంది సార్, మీ ఇష్టం” అంటే, ఆ దాదాపు వెయ్యి రూపాయలు మిగిలాయని లోలోపల సంబరపడుతూ తెల్ల చీటీ తీసుకున్నాను. దాని మీద “వైండింగ్ వైరు, 16 నం., 5 కి.” అని మాత్రమే ఉంది. ఆ రోజు దానిని ఎందుకు చదవలేదని అడగకండి, నన్ను నేను ఇప్పటికి ఏభైసార్లు అడుగుకున్నాను.

అసలు విషయం ఏమిటంటే, ఆ రోజు నేను నోరు తెరిచి అడిగాను: “ఇది అసలైన రాగే కదా?” ఆయన రీలును అరచేత్తో ఒక్కటి తట్టి, చిరునవ్వు నవ్వి, “రంగు చూడండి సార్, రంగే చెప్పడం లేదూ!” అన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు, రాగి అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. కోర్టు బోనులో నిలబెట్టినా ఆయన ఒక్క అబద్ధం ఆడినట్టు నిరూపించలేము. అంత నేర్పును ఆయన తీగల వ్యాపారంలో వృథా చేసుకుంటున్నారు.

ఇంటికి తెచ్చి చుట్టడం మొదలుపెట్టాక జరిగినదంతా నా తెలివితక్కువతనమే. తీగ చాలా మెత్తగా, ముద్దుగా వంగుతుంటే, ఎంత మంచి నాణ్యమైన రాగి అని మెచ్చుకున్నాను. రెండు కాయిళ్ళూ, పన్నెండు వందల చుట్లూ పూర్తయ్యాక రీలు మీద సగానికి మించి తీగ మిగిలింది. ఐదు కిలోల రాగి చేతి మీద ఆడించగలిగినంత చిన్న రీలులో అమరిపోవాలి. నా రీలు బిందె అడుగంత ఉంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, దుకాణదారుడు పొరపాటున రెండింతలు తూచి ఇచ్చాడేమో, మిగిలినది తిరిగి ఇచ్చేయాలా వద్దా అని రెండు రోజులు ధర్మసంకటంలో పడ్డ మనిషిని నేను. అంతటి ధర్మాత్ముడికి ఒక మీటరు తీగను కొలిచి తూకం వేయాలని తోచలేదు. తర్వాత వేసి చూస్తే పద్దెనిమిది గ్రాములు ఉండవలసిన చోట ఏడు గ్రాములు ఉంది.

మల్టీమీటరు పెడితే ఒక్కో కాయిలు 1.9 ఓములు చూపించింది. 1.1 రావాలి కదా అనుకుని, మీటరు తీగలదే 0.2 ఉంటుంది, మిగిలినది మీటరు నాసిరకానిదని సమాధానపరచుకున్నాను. అబద్ధం మీటరుది కాదు, తీగది. ఒకే మందం గల రాగి కంటే, అల్యూమినియం మీద రాగి పూత వేసిన ఈ తీగకు నిరోధం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

మొదటిసారి విద్యుత్తు ఇచ్చినప్పుడు తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు రెండు కాయిళ్ళకూ కలిపి 44 ఆంపియర్లు చూపాల్సింది 28 దగ్గర ఆగింది. ఆ లెక్కన 26 వేల ఆంపియర్-చుట్లు అనుకున్నది 17 వేలు కూడా కాలేదు. అయినా లాడాన్ని దిక్సూచితో ధ్రువాలు సరిచూసి పెట్టాను. దాని ఉత్తర ధ్రువం విద్యుదయస్కాంతపు దక్షిణ ధ్రువం మీద ఉండాలన్నది మరచిపోలేదు. చెక్క సుత్తితో నెమ్మదిగా తడుతూ రెండు సార్లు కరెంటు పంపాను. మూడోసారి కాయిలు కొసకు టంకం పెట్టిన అతుకు నీలిమంటతో చిటపటలాడి ఊడిపోయింది, వార్నిషు కమురు వాసన ఇల్లంతా కమ్మింది, కుడిచేతి బొటనవేలు బొబ్బలెక్కింది. అతుకు విప్పి చూస్తే, బ్లేడుతో ఎనామిల్ గీకినప్పుడు దానితోపాటు పలుచని రాగి పొర కూడా లేచిపోయి, లోపల వెండిలా తెల్లని లోహం బయటపడి ఉంది. టంకం దాన్ని అంటుకోలేదు, పక్కన మిగిలిన రాగి పొరను పట్టుకుని వేలాడింది. పైన పటారం, లోన లొటారం అని మా నాయనమ్మ అనేది ఇలాంటి సరుకును చూసే అయి ఉంటుంది.

మా వీధిలో నలభై ఏళ్ళుగా మోటార్లకు రీవైండింగ్ చేస్తున్న పెద్దాయనకు ఒక ముక్క చూపించాను. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, రెండు వేళ్ళతో ఒకసారి వంచి, “అల్యూమినియం బాబూ, పైన రాగి పూత. కొనేముందు నన్ను అడగకపోయావా?” అన్నారు. ఆయన ఇల్లు మా ఇంటికి యాభై అడుగుల దూరం.

అదే ముక్క పట్టుకుని నిన్న ఆ దుకాణానికి వెళ్ళాను. తెల్లగా కనిపిస్తున్న కొసను చూపించి, రాగి ధర తీసుకుని ఇది ఇచ్చారేమిటని మర్యాదగానే అడిగాను. మొదట్లో రాసిన ఆ వాక్యం అప్పుడు వచ్చింది. మరి కిలో పదకొండు వందలు ఎందుకు తీసుకున్నారంటే, “మీరు బేరం ఆడలేదు కదా, ఒప్పుకునే కదా ఇచ్చారు” అన్నాడు. మిగిలిన తీగైనా వెనక్కి తీసుకోమంటే, కోసిన తీగ తీసుకోము, కావాలంటే పాత సామాను ధరకు తూచుకుంటామని అన్నాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాదేమో. ఆయన కుర్రాడి వైపు తిరిగి, నేను వినేలాగే, “చదువుకున్నోళ్ళు రా, మోటారు చుట్టడం రాదు కానీ అయస్కాంతాలు చేస్తారంట” అన్నాడు, కుర్రాడు నవ్వాడు, పక్కనున్న కొనుగోలుదారుల్లో ఒకాయన కూడా నవ్వాడు. ఐదు వేల ఐదు వందలు పోయిన బాధ రెండు నెలల్లో తీరుతుంది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవిలోనే ఉంది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేద్దామా అంటే, సాక్ష్యంగా చూపించడానికి నా దగ్గర ఉన్నది దుకాణం పేరు కూడా లేని తెల్ల చీటీ. దాన్ని కోరి తీసుకున్నది నేనే.

ఇక మీకు పనికివచ్చే ముక్కలు, గుర్తొచ్చినంతవరకు. కొనేచోటే తీగ కొసను ఆకురాయితో రెండుసార్లు రుద్ది చూడండి. కటింగ్ ప్లయరుతో కోసి చూస్తే రాగి పొర కొస మీదికి జారి మోసం చేస్తుంది. ఒక మీటరు తీగను కొలిచి తూచండి, రీలు పరిమాణం చూసి మురిసిపోకండి. “రాగి తీగ” అనే మాట బిల్లు మీద రాయించుకోండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. గ్యాసు మంటలో కొసను పెట్టినా తెలుస్తుంది: రాగి ఎర్రగా కాలుతూ నిలుస్తుంది, అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగి వేలాడిపోతుంది. ఒకవేళ ఈ పూత తీగనే ఇప్పటికే చుట్టేసి ఉంటే, దాన్ని టంకంతో అతకకండి. అల్యూమినియానికి పనికివచ్చే, నొక్కి బిగించే క్రింపు కనెక్టరు వాడండి, చుట్ల సంఖ్య మీద ఆశ తగ్గించుకోండి. మరొకటి, ఇది తీగ సంగతి కాకపోయినా చెబుతున్నాను: ఛార్జు అయిన లాడాన్ని విద్యుదయస్కాంతం మీది నుంచి తీసేముందే దాని కాళ్ళకు అడ్డంగా మెత్తని ఇనుప పట్టీ జరిపి, ఆ పట్టీతోసహా పక్కకు లాగండి, ఆర్మేచరు లోపలికి వెళ్ళేదాకా ఆ పట్టీ తీయకండి.

మా లాడం ఇప్పుడు అలాంటి పట్టీతోనే బల్ల మీద ఉంది. రెండుసార్లు పంపిన ఆ అరకొర కరెంటుకు కొంచెం ఊపిరి పీల్చుకుంది కానీ, స్పార్కు మూడు మిల్లీమీటర్లకు మించి దూకడం లేదు. కొత్త తీగ కోసం రీవైండింగ్ పెద్దాయన తనే బజారుకు వెంట వస్తానన్నారు. ఇకపోతే, నా దగ్గర నాలుగు వందల మీటర్లకు పైగా చక్కగా మెరిసే రాగి రంగు తీగ మిగిలి ఉంది. మీలో ఎవరికైనా పెరట్లో బీరపాదుకు పందిరి కట్టుకోవాలంటే చెప్పండి, ఉచితంగా ఇస్తాను, టంకం అవసరం లేని పనికి చాలా బాగుంటుంది.