నాలుగేళ్లకు పైగా వాడిన స్మార్ట్ టీవీ: తెరకు పూర్తి మార్కులు, యాప్‌లకు కాదు

2021లో కొన్న 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ ఇది. తెర గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. బొమ్మ ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది, పగలు కిటికీలు తెరిచి ఉన్నా క్రికెట్ హాయిగా చూడవచ్చు. శబ్దం వార్తలకు చాలు, పాటలకు చాలదు. ఇన్నాళ్లలో ఇంటిల్లిపాదినీ విసిగించింది వేరే: యాప్ తెరుచుకోకపోవడం, నెట్ ఉన్నా లేదనడం. కొనేముందు అందరం బొమ్మనే చూస్తాం కాబట్టి ఈ సంగతే వివరంగా రాస్తున్నాను.

పెట్టె మీద 8 జీబీ స్టోరేజీ అని ఉంది. సిస్టమ్ తీసుకోగా మనకు మిగిలేది దాదాపు సగమే. యాప్‌లు అప్‌డేట్ అయినకొద్దీ బరువెక్కుతాయి, టీవీలో చోటు మాత్రం పెరగదు. రెండేళ్లు గడిచేసరికి యాప్ తెరవగానే దానంతట అదే మూసుకుపోవడం మొదలైంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు నొక్కితే క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే సమాచారం) తుడవడం, డేటా తుడవడం విడివిడిగా కనిపిస్తాయి. క్యాష్ తుడిస్తే లాగిన్ పోదు. డేటా తుడిస్తే రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. అందుకే క్యాష్‌తో మొదలుపెట్టండి. ఇంకొకటి, రిమోట్ మీద పవర్ బటన్ నొక్కితే టీవీ పూర్తిగా ఆగదు, స్టాండ్‌బైలోకి వెళ్తుంది. ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెడితే అసలైన రీస్టార్ట్ అవుతుంది.

అన్నిటికన్నా తికమక పెట్టిన లోపం గడియారానిది. కరెంటు పోయి వచ్చాక వైఫై కలుస్తుంది, కింద మాత్రం ఇంటర్నెట్ లేదని వస్తుంది. అదే సమయంలో ఫోనులో నెట్ చక్కగా నడుస్తుంటుంది. చూస్తే టీవీలో తేదీ ఎప్పటిదో పాతది. యాప్ సర్వర్‌తో కలిసే ముందు దాని సర్టిఫికెట్ (ఆ సర్వర్ అసలైనదేనని చూపే, గడువు ఉన్న డిజిటల్ పత్రం) చెల్లుబాటులో ఉందో లేదో టీవీ తన తేదీతోనే పోల్చుకుంటుంది. తేదీ తప్పయితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది, కనెక్షన్ ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సమయాన్ని ఆపి, తేదీ, సమయం చేత్తో సరిచేసి, తిరిగి ఆటోమేటిక్‌కు మార్చితే నెట్ వచ్చేస్తుంది. కస్టమర్ కేర్‌లో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ వాళ్ల మొదటి సలహా ఫ్యాక్టరీ రీసెట్, అంటే అంతా తుడిచి టీవీని కొన్ననాటి స్థితికి తేవడం.

ఆ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 2025 మార్చిలో గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఫోనులోని వీడియోలను టీవీలో చూపే చిన్న పరికరాలు) అనేక దేశాల్లో ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. కారణం సర్టిఫికెట్ గడువు తీరడం. వాడేవారి తప్పు ఇసుమంతైనా లేదు. అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయవద్దని గూగులే చెప్పింది, ఎందుకంటే చేసినవారికి మళ్లీ సెటప్ చేసుకోవడమే కష్టమైంది. లోపం ఎక్కడుందో తెలియకుండా అంతా తుడిచేయడం వైద్యం కాదు.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఫోను హాట్‌స్పాట్. టీవీని కాసేపు దానికి కలపండి. అప్పుడు అన్నీ నడిస్తే తంటా రౌటర్‌లోనో, లైనులోనో ఉంది. అప్పుడూ నడవకపోతే టీవీలో ఉంది. ఒక్క యాప్ మాత్రమే మొరాయిస్తే అది ఆ యాప్ సంగతి, చాలాసార్లు కొన్ని గంటల్లో వాళ్లే సరిచేస్తారు. ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు గోడ మీది పెట్టెలో ఎల్ఓఎస్ లైటు చూడాలి. అది ఎర్రగా వెలుగుతుంటే లైనులో సిగ్నలే లేదు, టీవీ జోలికి వెళ్లకుండా ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.

మా రౌటర్ పక్క గదిలో ఉంటుంది. వైఫైలో రెండు బ్యాండ్‌లు ఉంటాయి: 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగానే ఉంటుంది గానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటుతుంది గానీ పక్కింటి వైఫైలతో, మైక్రోవేవ్ ఓవెన్‌తో దానికి పడదు. చివరకు లాన్ కేబుల్ లాగించాను, సినిమా మధ్యలో గుండ్రం తిరగడం పోయింది. మా టీవీ లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. అయినా 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ సూచించేది 15 ఎంబీపీఎస్ కాబట్టి ఆ వేగం ధారాళంగా సరిపోతుంది.

కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు రావడం ఆగి చాలా కాలమైంది. ఇంత మంచి తెరను యాప్‌ల కోసం పారేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇటీవల హెచ్‌డీఎంఐ పోర్టుకు స్ట్రీమింగ్ స్టిక్ (తన సొంత యాప్‌లతో వచ్చే చిన్న పరికరం) పెట్టాను, టీవీ సొంత యాప్‌లను తీసేశాను. మళ్లీ కొనాల్సి వస్తే 16 జీబీకి తక్కువ స్టోరేజీ, 2 జీబీకి తక్కువ ర్యామ్ ఉన్నదాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోను. స్టిక్ పెట్టుకునేవారు కరెంటును దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ వెనక ఉండే యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది అర ఆంపియర్. అది చాలకపోతే స్టిక్ మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది, నెపం మాత్రం వైఫై మీద పడుతుంది.