అద్దం మారింది, యాభై శాతం నిలిచింది: కారు ఇన్సూరెన్స్‌లో నాలుగుసార్లు ఎన్‌సీబీ ప్రొటెక్ట్ కట్టాక నా మాట

ఒంగోలు నుంచి చీమకుర్తికి రోజూ కారులో వెళ్లొచ్చేవాళ్లకి టిప్పర్ల సంగతి చెప్పక్కర్లేదు. పట్టా కట్టని టిప్పర్ ముందుంటే నేను ఓవర్‌టేక్ చేయను, వెనకే దూరంగా ఉండిపోతాను. అయినా ఎదురొచ్చే బండిని ఏం చేస్తాం? 2024 మే నెలలో సంతనూతలపాడు దాటాక ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ నుంచి ఒక రాయి ఎగిరి టప్‌మని ముందు అద్దానికి తగిలింది.

ఆపి చూస్తే కందిగింజంత తెల్ల చుక్క. లోపలివైపు వేలితో తడిమితే నున్నగానే ఉంది. ముందు అద్దం అంటే రెండు గాజు పొరలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. బయటి పొరకే దెబ్బ తగిలింది. ఆ సాయంత్రమే రెసిన్ (అద్దంలో కలిసిపోయే జిగురు) నింపించి ఉంటే అక్కడితో పోయేది. రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఎండలో కాగిపోయిన కారెక్కి ఏసీ ఫుల్లుగా పెట్టాను. చూస్తుండగానే చుక్కలోంచి వెంట్రుకలాంటి గీత ఒకటి బయల్దేరింది. ఇంటికొచ్చేసరికి జానెడు, తెల్లారేసరికి మూరెడు.

నెల్లూరులో ఉండే మా బావగారికి ఫోన్ చేస్తే ఒకటే మాట. "క్లెయిమ్ పెట్టొద్దయ్యా. ఎనిమిది వేల అద్దం కోసం యాభై శాతం పోగొట్టుకుంటావా? జేబులోంచి పెట్టుకో."

ఆయన లెక్క తప్పు కాదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా వస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు. దీన్నే నో క్లెయిమ్ బోనస్, ఎన్‌సీబీ అంటారు. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నా అయిపోయి, తర్వాత 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గింపుకి ముందు 6,800. అది అలాగే ఉందనుకుంటే ఈ ఐదేళ్లలో పోయేది మొత్తం 8,500 రూపాయలు. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి కొంచెం తక్కువే కావచ్చు. ఎలా చూసినా అద్దానికి వచ్చే డబ్బు కంటే పోయే తగ్గింపే ఎక్కువ.

నేను మాత్రం 2022 రెన్యువల్‌లో ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్‌ఆన్ (పాలసీకి అదనంగా డబ్బు కట్టి చేర్చుకునే రక్షణ) తీసుకున్నాను. ఏడాదికి 450 దాకా పడుతుంది. కారుకి ఐదేళ్లు దాటాక జీరో డెప్ (విడిభాగాల అరుగుదల కింద డబ్బు కోయకుండా ఇచ్చే యాడ్‌ఆన్) మానేశాను గానీ దీన్ని వదల్లేదు. ఏడాదికి ఒక క్లెయిమ్ వరకు తగ్గింపు కదలదు అని పాలసీలో రాసి ఉంది. ఆ లైను కింద పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాను. అదే నన్ను కాపాడింది.

అద్దం ముట్టుకోకముందే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను. ఫొటోలు, ఒక వీడియో పంపాక రెండు రోజుల్లో అనుమతి వచ్చింది. షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ మంచివాడు, ముందే చెప్పాడు: "గాజుకి డిప్రిసియేషన్, అంటే అరుగుదల కోత, ఉండదు సార్. బీడింగ్ రబ్బరుకి సగమే ఇస్తారు. గమ్ము, ప్రైమర్ మాత్రం మీవే." బిల్లు 8,200 అయింది. గమ్ముకి 700, రబ్బరులో సగం 200, క్లెయిమ్‌లో కంపెనీ తప్పనిసరిగా కోసుకునే 1,000, అన్నీ కలిపి నేను కట్టింది 1,900. కంపెనీ ఇచ్చింది 6,300. తలుపు గట్టిగా వేయొద్దని, ఒక రోజు కిటికీ అద్దం కొంచెం దించి ఉంచమని చెప్పి బండి ఇచ్చారు.

ఒక విషయం నాకు ఎవరూ చెప్పలేదు. పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోయింది! ఆ ఆదివారం నెల్లూరు వెళ్తూ టోల్ దగ్గర ఆగాకే గుర్తొచ్చింది, డబుల్ కట్టాను. అద్దం మార్పించేవాళ్లు కొత్త ట్యాగ్‌కి ముందే పెట్టుకోండి.

అప్పటికి నా సంతోషం అంతా ఇంతా కాదు. తెలిసినవాళ్లందరికీ ఈ యాడ్‌ఆన్ తీసుకోమని చెప్పాను. ఆగస్టులో రెన్యువల్ లింకు వచ్చింది. తెరిస్తే ఎన్‌సీబీ: 0 శాతం.

గుండె గుభేలుమంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "క్లెయిమ్ ఉంది కదండీ, సిస్టమ్ అలాగే చూపిస్తుంది" అన్నారు. రెండోసారి చేసినా అదే మాట. మూడో రోజు పాలసీ కాగితం ప్రింట్ తీసుకుని బ్రాంచికి వెళ్లాను. యాడ్‌ఆన్ పేరు, పక్కన నేను కట్టిన డబ్బు ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించాను. కౌంటర్‌లో అమ్మాయి చదివి, లోపలికి వెళ్లి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. నాలుగు రోజులకి సవరించిన కోటేషన్ వచ్చింది. యాభై శాతం తిరిగొచ్చింది. లింకులో చూపించింది నమ్మి డబ్బు కట్టేసి ఉంటే ఈ 450 దండగయ్యేది.

కోటేషన్‌ని నిదానంగా చూస్తే ఇంకోటి బయటపడింది. యాభై శాతం తీయకముందు ప్రీమియం తగ్గాల్సింది పోయి 6,800 నుంచి 7,900 అయింది. అడిగితే క్లెయిమ్ ఉంది కాబట్టి కంపెనీ తన వైపు నుంచి ఇచ్చే తగ్గింపు తీసేసిందని చెప్పారు. అంటే చేతి నుంచి 550 ఎక్కువ పడింది. తగ్గింపు శాతం కదలదని వాళ్లు ఇచ్చిన మాట నిజమే. ప్రీమియం పెరగదని ఎవరూ మాటివ్వలేదు.

వేరే కంపెనీకి మారదామని చూశాను. వాళ్ల ఫారంలో గత ఏడాది క్లెయిమ్ ఉందా అనే ప్రశ్న, ఉందని పెడితే తగ్గింపు సున్నా. మన కంపెనీ ఇచ్చిన ప్రొటెక్షన్ వాళ్లకి పట్టదు. "లేదని పెట్టేయండి సార్, ఎవరు చూస్తారు" అన్నాడు ఏజెంటు. రేపు పెద్ద యాక్సిడెంట్ అయితే ఆ ఒక్క అబద్ధం మీద క్లెయిమే తిప్పికొడతారు. ఆ పని నేను చేయను. అందుకే పాత కంపెనీలోనే ఉన్నాను.

నాకు మొత్తం మీద లాభమే. ఇప్పటికి నాలుగుసార్లు కట్టింది 1,800, వచ్చింది 6,300. అయితే నాది 50 శాతం మెట్టు, రోజూ టిప్పర్ల రోడ్డు. 20 శాతం దగ్గర ఉండి ఉంటే తీసుకునేవాణ్ణి కాదు. మా బావగారు నెలకి రెండుసార్లు కారు తీస్తారు, ఆయనకి తీసుకోమని నేను చెప్పలేదు.

పోయిన నెల కొత్త అద్దం మీద కుడి మూల ఇంకో చుక్క పడింది. ఆ సాయంత్రమే కర్నూలు రోడ్డులో రెసిన్ నింపించాను. 600 జేబులోంచే ఇచ్చాను, ఈ ఏడాది క్లెయిమ్ అలాగే దాచిపెట్టుకున్నాను.