స్మార్ట్ వెయింగ్ మెషీన్: బరువు సరే, కొవ్వు శాతం మాత్రం నమ్మొద్దు

గాజు పలక మందం, బ్యాటరీలు, యాప్ కలిపే పద్ధతి అన్నీ పెట్టె మీదే ఉంటాయి. చాలాకాలం వాడాక చెప్పాల్సింది మాత్రం ఒక్కటే. మొలతాడు జారుతూ, చూసినవాళ్లంతా "చిక్కారే" అంటున్నా బరువు దిగని నెలలు కొన్ని వస్తాయి. ఈ మెషీన్ బరువుతో పాటు చూపే ఒంటి కొవ్వు శాతం ఆ నెలల్లోనే కావాలి, సరిగ్గా అప్పుడే ఆ అంకె పనికిరాదు. మామూలు మెషీన్ వదిలేసి దీనికి ఎక్కువ డబ్బు పోసేది ఆ అంకె కోసమే కాబట్టి నా కోపమంతా దాని మీదే.

పాదాల కింద ఉన్న లోహపు పట్టీల నుంచి సన్నటి కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి, పొత్తికడుపు మీదుగా రెండో కాల్లోంచి దిగుతుంది. నీరు ఎక్కువుండే కండలో తేలిగ్గా పోతుంది, కొవ్వులో దానికి అడ్డు ఎక్కువ. ఆ అడ్డుకి మన ఎత్తు, వయసు, బరువు, ఆడా మగా అన్నవి కలిపి ఒక సూత్రంలో వేస్తారు. అంటే మెషీన్ కొవ్వును కొలవదు, అంచనా కడుతుంది. పొట్ట పైభాగం వైపు కరెంటు దాదాపు పోనే పోదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఉత్త చేతులతో ఎక్కి అంకె రాసుకోండి. దిగి, రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్ పట్టుకుని మళ్లీ ఎక్కండి. కాళ్లలో అడ్డు మారలేదు, బరువు మాత్రం పెరిగింది. దాంతో సూత్రం ఆ పప్పులో చాలా భాగాన్ని మీ కొవ్వుగా లెక్కేస్తుంది. అర లీటరు నీళ్లు తాగి వెంటనే ఎక్కినా అదే తంతు. ఎండాకాలం నీళ్లు సరిగా తాగక ఒంట్లో నీరు తగ్గితే అడ్డు పెరుగుతుంది, బరువు తగ్గినా కొవ్వు పెరిగినట్టు చూపిస్తుంది. పగిలి ఎండిన మడమలైనా, తడి కాళ్లైనా రీడింగు మారిపోతుంది. యాప్‌లో బాగా వ్యాయామం చేసేవాళ్ల కోసం పెట్టిన అథ్లెట్ మోడ్ నొక్కితే కొవ్వు అమాంతం పడిపోతుంది. అక్కడ మారింది సూత్రమే, ఒళ్లు కాదు.

బరువు చూపడంలో మంచి మెషీనే అని ఇదివరకు అందరికీ చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ రెండు షరతులు పెడతాను. నాలుగు మూలల సెన్సర్లూ నేలకు సమంగా ఆనాలి. షాబాదు బండల ఎత్తుపల్లాల మీదో టైల్స్ జాయింటు మీదో పెడితే అంకె తప్పుతుంది, కార్పెట్ మీద అసలే వద్దు. రెండోది, కొన్ని మెషీన్లు కిందటి రీడింగు గుర్తుపెట్టుకుని, కొత్తది దానికి రెండు మూడు వందల గ్రాముల లోపు ఉంటే పాత అంకెనే చూపిస్తాయి. మెల్లగా తగ్గేవాళ్లకు ఇంతకంటే అన్యాయం లేదు. ముందు ఓ నీళ్ల బిందె పెట్టి తూచి, అది తీసేశాక ఎక్కితే సాధారణంగా ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

ఇంతకీ బరువెందుకు దిగదు? బరువులెత్తేవాళ్లకు ఒకవైపు కొవ్వు పోతుంటే ఇంకోవైపు కండ చేరుతుంది కాబట్టి. కండ కొవ్వులో సగం చోటే తీసుకుంటుందని జిమ్‌లలో చెబుతుంటారు, అది నిజం కాదు. కిలో కొవ్వు సుమారు 1.1 లీటర్ల చోటు తీసుకుంటే కిలో కండ 0.94 లీటర్లు తీసుకుంటుంది. రెండు కిలోల కొవ్వు పోయి అంతే కండ వస్తే తగ్గే పరిమాణం సుమారు 320 మిల్లీలీటర్లే. అయినా సన్నబడినట్టు కనిపించడానికి కారణం, పోయేది పొట్ట నుంచి కావడం, వచ్చేది తొడలకూ వీపుకూ భుజాలకూ కావడం. దీనికితోడు కండలో చేరే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (కండ దాచుకునే పిండిపదార్థం) తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. జిమ్‌కెళ్లేవాళ్లు వాడే క్రియాటిన్ పొడి మొదలుపెడితే కిలోకి అటూఇటూ నీరు చేరుతుంది. ఆవకాయ దండిగా తిన్న మర్నాడూ, నెలసరి ముందూ ఇంతే.

ఈ విషయం తేల్చింది దర్జీ టేపు. బట్టది కొనకండి, సాగుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది తీసుకుని స్టీలు స్కేలుతో సరిచూసుకోండి. పొద్దున్నే, కాఫీ తాగకముందు, పక్కన చివరి పక్కటెముక అంచుకీ తుంటి ఎముక పైభాగానికీ నడిమధ్య పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. బొడ్డును గుర్తుగా తీసుకోకూడదు, పొట్ట తగ్గేకొద్దీ అది జారుతుంది. టేపు నేలకు సమాంతరంగా, చర్మానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. రెండుసార్లు కొలిస్తే సెంటీమీటరు మించి తేడా వచ్చిందంటే మళ్లీ కొలవాల్సిందే. అంగుళాల వైపు చూడొద్దు, చిన్న మార్పు అందులో కనబడదు. మన ఒళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

వారంలో కొన్ని రోజులు బరువులెత్తే నాలాంటివాళ్లకు టేపూ, మామూలు డిజిటల్ మెషీనూ చాలు. వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గించేవాళ్లకు ఈ స్మార్ట్ మెషీన్ యాప్‌లో గీసే బరువు గ్రాఫు పనికిరావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం కరెంటు పంపే మోడ్ వాడకూడదు. ముఖం, చేతులు చిక్కుతున్నా బరువు తగ్గక, మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట అలాగే నిలుస్తుంటే అది నీరు. అప్పుడు టేపు, మెషీన్ రెండూ పక్కనపెట్టి డాక్టరుకి చూపించుకోవాలి.